గొర్రె ఎదకు పగటి లెక్క



ఎవరి స్మృతిలో ఇక్కడ చేరామో ఆ పెద్దాయన జీవితమంతా పశువుల ఎద, చూలు, ఈతల లెక్కలతోనే గడిచింది. అందుకే పాడి గొర్రెల ఎదకాలం గురించి మాట్లాడదలిచాను.

దక్షిణ ఫ్రాన్సులోని రోక్‌ఫోర్ చీజ్ పేరుకు 1925లో చట్టం రక్షణ కల్పించింది. దాన్ని లకోన్ జాతి గొర్రెల పచ్చిపాలతోనే చేయాలి. ఆ పాలు ఎక్కువగా వచ్చేది డిసెంబరు నుంచి జూలై దాకానే. ఏడాది పొడవునా ఎందుకు రావు?

చల్లని దేశాల గొర్రె పగలు కుదించుకుపోతున్నప్పుడు ఎదకు వస్తుంది. చూలు ఐదు నెలలు. పచ్చిక మొలిచే వేళకు పిల్ల నేల మీదుంటుంది. కాపరులకు ఇది తరతరాలుగా తెలుసు. చలి వల్లా, మేత వల్లా, వెలుతురు వల్లా అన్నదే తేలలేదు. భూమధ్యరేఖ దాటించిన జంతువులు తమ ఎదకాలాన్ని కొత్తచోటి ఋతువులకు మార్చుకుంటాయని 1937లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త మార్షల్ చూపారు. 1949లో యీట్స్ దీపాలతో పగటి వరుసను తలకిందులు చేశారు. ఆయన గొర్రెలు, కొన్ని వారాలు గడిచాక, తోటివి ఎదకు రాని కాలంలో ఎదకు వచ్చాయి. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇదే. మారింది వెలుతురొక్కటే, సందేహానికి చోటు మిగల్లేదు.

ఆ వెలుతురు కబురు అండాశయం దాకా ఎలా చేరుతుంది? 1958లో లెర్నర్ అనే చర్మవైద్యుడు ఆవుల పీనియల్ గ్రంథి నుంచి మెలటోనిన్‌ను వేరుచేశారు. అది రాత్రిళ్లు ఊరుతుంది. రాత్రి ఎంత పొడవైతే అంతసేపు. ఆ గ్రంథి తీసేసిన గొర్రెలకు రాత్రి నిడివిని బట్టి మెలటోనిన్ ఎక్కిస్తే ఎద మళ్లీ దారికొస్తుందని 1983లో మిచిగన్ పరిశోధకులు తేల్చారు. మన నెల్లూరు అక్షాంశంలో అత్యంత పొడవైన పగటికీ పొట్టి పగటికీ తేడా రెండు గంటల్లోపే. అందుకే మన మందల్లో ఎద పగటిని కాక, వానలనూ మేతనూ చూసుకుని వస్తుంది.

మళ్లీ రోక్‌ఫోర్‌కు వస్తే, డిసెంబరుకు పాలు అందేలా నవంబరులో ఈనాలంటే లకోన్ గొర్రె జూన్‌లోనే, పగళ్లు అన్నిటికన్నా పొడవుగా ఉన్నప్పుడే కట్టాలి. 1960ల నుంచి హార్మోను స్పాంజీలు ఆ పని సులువు చేశాయి. వాటితో పాటు చూడి గుర్రాల రక్తంనుంచి తీసిన మందు వాడతారు. గుర్రాల మీద పడే ఆ బాధ నాకు సమ్మతం కాదు. ఐరోపా సేంద్రియ నియమాలు హార్మోన్లను నిషేధించడం మంచి పని.

అక్కడి సేంద్రియ రైతులకు మిగిలినది పాత ఉపాయం. పొట్టేళ్లను చూపుకీ వాసనకీ అందనంత దూరం ఉంచి, ఒక్కసారిగా మందలో వదలడం. పశ్చిమ ఆస్ట్రేలియాలో అండర్‌వుడ్ బృందం 1944లో దీని ప్రభావాన్ని గమనించి రాసింది. తొలి అండం చాలా గొర్రెల్లో ఎద కనబడకుండానే విడుదలవుతుంది. ఎద బయటపడేది సుమారు 18 నుంచి 24 రోజుల తర్వాత. అందుకని అక్కడి రైతు కావలసిన ఈత తేదీ నుంచి ఐదు నెలలు, ఆపై మరో మూడు వారాలు వెనక్కి లెక్కవేసి, ఆ రోజు పొట్టేళ్ల దొడ్డి తలుపు తీస్తాడు.