ఎండను చలువగా మార్చే విద్య
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాల క్రితం ఈ సీమలో వేసవి తాపాన్ని చల్లార్చినవి కుండనీరు, వేపచెట్టు నీడ, తాటాకు విసనకర్ర. ఈనాడు చిక్కబళ్ళాపురం, చింతామణి పట్టణాలలోనే గాక, సరిహద్దున ఉన్న బాగేపల్లిలో సైతం ఇండ్ల గోడలకు ఎయిర్ కండిషనర్లు కనిపిస్తున్నాయి. వాటి వెంటనే మరొక మాట వినవస్తున్నది: ‘సూర్యశక్తితో నడిచే ఏ.సి. కొనండి, కరెంటు ఖర్చు తగ్గుతుంది, పెట్టిన ధనం తిరిగి వస్తుంది.’ తాము చదివిన బడికి ఏదైనా చేయాలని సంకల్పించే పూర్వ విద్యార్థులకు కూడా ఈ కానుక ఇవ్వాలనిపించడం సహజమే. ఎండ ఉచితంగా లభిస్తుంది. దానిని చలువగా మార్చే సాధనానికి మాత్రం వెల ఉన్నది. ఆ సాధనం ఎక్కడ, ఎన్ని దినాలు, ఏ వనరును ఖర్చు చేసి పనిచేస్తుందో విచారించిన పిమ్మటనే అది పెట్టుబడియో, వట్టి వ్యయమో తేలుతుంది.

వేడితో చల్లదనాన్ని పుట్టించడం వినడానికి వింతగా ఉన్నా, విద్య పాతదే. ఫ్రాన్సు దేశీయుడైన ఫెర్డినాండ్ కారే 1859లో అమ్మోనియాను, నీటిని ఉపయోగించి వేడితో నడిచే మంచు యంత్రాన్ని రూపొందించాడు. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆగస్టిన్ ముషో అనే ఉపాధ్యాయుడు అద్దాలతో సూర్యకిరణాలను ఒకచోటికి చేర్చి, ఆ వేడితోనే మంచుగడ్డను తయారుచేసి చూపాడు. తిరుమలలో 2002లో 106 సౌర పళ్ళెములను అమర్చి, వాటి ఆవిరితో వేలాది భక్తులకు అన్నం వండే ఏర్పాటు చేశారు. అన్నం వండే ఆ ఆవిరే తగిన యంత్రంలోకి పంపితే గదిని చల్లబరచగలదు. గుజరాత్‌లోని గోరజ్ గ్రామంలో ముని సేవా ఆశ్రమపు ఆసుపత్రికి ఈ పద్ధతినే అమర్చారు.

దీని సూత్రం ఇది. గాలి తీసివేసిన పాత్రలో నీరు 5 డిగ్రీల వద్దనే ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని అది గది నుండి గ్రహిస్తుంది గనుక గది చల్లబడుతుంది. ఆ ఆవిరిని లిథియం బ్రోమైడ్ ద్రావణం పీల్చుకుంటుంది. ఎండ వేడి ద్రావణం నుండి ఆ నీటిని మరల విడదీస్తుంది. కుండలో నీరు చల్లబడే ధర్మమే ఇక్కడ యంత్రరూపం ధరించింది.

అయితే గది నుండి, ఎండ నుండి గ్రహించిన వేడినంతా చివరకు బయట పారబోయాలి. అందుకు పెద్ద యంత్రాలకు నీటిని ఆవిరిచేసే కూలింగ్ టవర్ అమరుస్తారు. సామాన్య తరహా 10 టన్నుల యంత్రం 6 గంటలు నడిస్తే 700 లీటర్లకు పైగా నీరు ఆవిరైపోతుంది. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, గంటకు తొలగించే వేడి కొలత. ఒక టన్ను సుమారు 3.5 కిలోవాట్లతో సమానం.

నందికొండల ప్రాంతంలో పుట్టిన ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని నదులు ఆంధ్ర నేలకు పారిపోతాయి. జిల్లాలో మాత్రం ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. బోరుబావులు వెయ్యి అడుగులు దాటిన పల్లెలెన్నో ఉన్నాయి. బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి ఇక్కడి చెరువులకు తరలించవలసిన స్థితి ఏర్పడింది. కరెంటు ఆదా చేయబోయి నీటిని ధారపోయడం ఇట్టి సీమలో వివేకమనిపించుకోదు. నీటి వసతి గల చోట ఎంత గొప్ప యంత్రమైనా, ఇక్కడి పాఠశాలకు అది తగదు.

రెండవ మార్గం సౌర ఫలకాలతో కరెంటు పుట్టించి, నాణ్యమైన ఇన్వర్టర్ ఏ.సి.ని నడపడం. దీనికి నీరు అక్కరలేదు. ఈ ప్రాంతంలో 1 కిలోవాట్ ఫలకాలు సగటున దినానికి 4 యూనిట్ల కరెంటును ఇస్తాయి. ఎండ ముదిరిన వేళకే చలువ అవసరమూ ముదురుతుంది గనుక పగటి వాడకానికి ఇది చక్కగా పొసగుతుంది. ఇంటిలో పడకగది ఏ.సి. నడిచేది రాత్రివేళ. అప్పుడు పగటి కరెంటును బెస్కాంకు ఇచ్చి లెక్కలో జమ వేసుకొనే మీటరైనా ఉండాలి, బ్యాటరీలైనా ఉండాలి.

మూడవ రకం యంత్రాలు కూడా అమ్మకానికి వస్తున్నాయి. మామూలు ఏ.సి.కి గాజు గొట్టాల సౌర పెట్టెను తగిలించి, లోపలి వాయువును ఎండలో మరింత వేడిచేస్తే కరెంటు ఎంతో ఆదా అవుతుందని చెబుతారు. ఏ.సి. నుండి వేడిని బయటకు పంపవలసిన చోట వేడిని చేర్చితే లాభమెట్లు కలుగుతుందని విద్యార్థి అడిగితే అది మంచి ప్రశ్నే. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో జన్మించిన డాక్టర్ హెచ్. నరసింహయ్య భౌతికశాస్త్ర ఆచార్యుడు. బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉండి 1976లో మహిమలను శాస్త్రీయంగా పరీక్షించే సంఘాన్ని ఏర్పరచినవాడు. ఆయన పుట్టిన జిల్లాలో అమ్మకపు మాటను పరీక్షించకుండా నమ్మరాదు. ఒకే విధమైన రెండు గదులు, రెండు యంత్రాలు, రెండు మీటర్లు పెట్టి నెల దినాలు చూస్తే నిజం తేలుతుంది.

హైదరాబాదు సమీపాన పోచారంలో ఇన్ఫోసిస్ సంస్థ అట్టి పరీక్షనే చేసింది. 2011లో పూర్తయిన ఒక భవనంలో సగభాగానికి మామూలు ఏ.సి. పద్ధతి, మిగిలిన సగానికి కాంక్రీటులో చల్లని నీటి గొట్టాలను పరచే పద్ధతి అమర్చారు. రెండవ సగానికి మూడవ వంతు కరెంటు తక్కువ పట్టింది.

ఇక పాఠశాల లెక్క చూద్దురు గాక. 2 కిలోవాట్ల ఫలకాలకు రూ. 1,20,000 అవుతుందని, యూనిట్ ధర రూ. 7 అని లెక్క కోసం అనుకొందురు. ఏడాదికి వచ్చే 2,800 యూనిట్లూ పూర్తి విలువకు వినియోగమైతే రూ. 19,600 మిగులుతాయి. 6 సంవత్సరాలకు పెట్టుబడి తిరిగివస్తుంది. ఆ ఫలకాలను ఒక కంప్యూటర్ గదిలోని ఏ.సి.కే కట్టివేసి, అది దినానికి 7 యూనిట్ల చొప్పున 150 దినాలు మాత్రమే నడిస్తే మిగిలేది రూ. 7,350. అప్పుడు 16 సంవత్సరాలు పడుతుంది. కర్ణాటకలో ఏప్రిల్ మధ్య నుండి మే ఆఖరు వరకు బడులకు సెలవులు. ఎండ మిక్కిలి కాసే కాలంలో గది మూసి ఉంటుంది. కావున ఫలకాలు పాఠశాల మొత్తపు దీపాలకు, ఫ్యాన్లకు, నీటి మోటారుకు ఉపయోగపడాలి. మిగిలినది బెస్కాంకు చేరాలి. బెస్కాం ఇచ్చే ధర తక్కువైతే ఆ మేరకు కాలం పెరుగుతుంది. ఇండ్లకు 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన సూర్యఘర్ పథకం 2 కిలోవాట్లకు రూ. 60,000, 3 కిలోవాట్లు, ఆ పైబడిన వాటికి రూ. 78,000 సహాయం నిర్ణయించింది. అది గృహస్థులకే గాని పాఠశాలలకు కాదు.

యంత్రం కొనుటకు ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉన్నది. రేకుల కప్పు కింద నలుబది మంది పిల్లలు చెమటలు కక్కుతుండగా, నలుగురు కూర్చునే ఆఫీసు గది చల్లబడితే దానిని ఎవరి ప్రగతి అనాలి? కప్పుకు తెల్లని పూత పూసి, పడమటి గోడ పక్క కానుగ, వేప చెట్లు పెంచి, ఎదురెదురు కిటికీలు తెరిస్తే ఆ వేడిలో పెద్ద భాగం లోనికే రాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను లక్ష్యంగా పెట్టుకొన్నది. లోనికి రాని వేడిని తొలగించడానికి కరెంటు అక్కరలేదు. ఆ పైన ఏ.సి. పెట్టినా చిన్నది సరిపోతుంది. దానిని 24 డిగ్రీల వద్ద ఉంచితే, ఒక్కొక్క డిగ్రీ తగ్గించినప్పుడు అదనంగా పడే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది.

ఈ సీమలో చలువ నిజముగా ధనాన్ని కాపాడే చోటులు వేరే ఉన్నాయి. శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతాల రైతు పెంచే పట్టుపురుగులకు లేతదశలో 26 నుండి 28 డిగ్రీలు, చివరి దశలో 23 నుండి 25 డిగ్రీల వేడి అనుకూలం. వేసవిలో అది మించితే సుమారు 25 దినాల శ్రమ, తెచ్చిన అప్పు, కోసిన మల్బరీ ఆకు ఒక్క వారంలో వ్యర్థం కావచ్చు. లేత పురుగులకు గాలిలో 80 శాతం పైగా తేమ కూడ కావాలి. ఏ.సి. తేమను లాగివేస్తుంది గనుక తేమ ఇచ్చే ఏర్పాటు కూడ జతపరచాలి. అలాగే చింతామణి మార్కెట్టులో ధర పడిపోయిన దినాన టమాట రైతు సరుకును రోడ్డుపక్క పారబోయకుండా కొద్ది దినాలు ఆగగలిగితే, ఆ చల్లని గది తన వెలను తానే తీర్చుకొంటుంది. అట్టి గదులలో పగటి చలువను గడ్డకట్టే పదార్థంలో నిలవచేసి రాత్రికి వాడవచ్చు. బ్యాటరీల భారం తగ్గుతుంది.

పొదుపును కొలిచే విద్య ఈ ప్రాంతానికి కొత్త కాదు. బాగేపల్లి పల్లెలలో 5,500 కుటుంబాలకు 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ తొట్లు కట్టే పథకం 2005లో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో నమోదైంది. మిగిలిన వంటచెరకు లెక్క పేదింటి పొయ్యి నుండి ప్రపంచ వేదిక దాకా చేరింది.

కావున దాతలకు, తల్లిదండ్రులకు విన్నవించునది ఇదే. మొదటి రూపాయి కప్పుకు, చెట్లకు. రెండవది మొత్తం పాఠశాలకు ఉపయోగపడే సౌర ఫలకాలకు. ఏ.సి. ఆ తరువాత, యంత్రాల రక్షణకు అవసరమైన గదికి మాత్రమే. మీటరు లెక్కను నెలనెలా ఉన్నత తరగతుల విద్యార్థులచేత నోటీసు బోర్డుపై వ్రాయించాలి. ఎంత పెట్టినదీ, ఎంత మిగిలినదీ పిల్లలు తమ చేతితో లెక్కించి తెలుసుకొన్ననాడు ఆ కానుక పాఠ్యాంశం కూడ అవుతుంది.