కారు ఫ్యాను తిరుగనప్పుడు
(సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఢిల్లీలో వేసవి ఎండ కొన్ని దినములలో 45 డిగ్రీలు దాటును. అట్టి మధ్యాహ్నమున కుటుంబముతో బయలుదేరిన కారు వాహనముల రద్దీలో నిలిచిపోయి, ఉష్ణసూచి ముల్లు ఎఱ్ఱగీత వైపు ప్రాకుచుండగా, గృహస్థుడు చేయు పనులు సాధారణముగా రెండు. వెంటనే రేడియేటరు మూత విప్పును. మరునాడు క్రొత్త ఫ్యాను కొనును. మొదటిది అపాయకరము, రెండవది తరచుగా వృథావ్యయము.

పూర్వపు అంబాసిడర్, ఫియట్ కార్లలో ఇంజనే బెల్టు సాయమున ఫ్యానును త్రిప్పెడిది. 1983లో వచ్చిన మారుతి 800లో ఇంజను అడ్డముగా నుండుటచే ఫ్యానుకు విద్యుత్ మోటారు అమర్చిరి. అట్టి ఫ్యాను అవసరమైనప్పుడే తిరుగును.

కార్యాలయ వ్యవహారము నెఱిగినవారికి నేటి ఏర్పాటు సులభముగా బోధపడును. ఉష్ణోగ్రతను తెలుపు సెన్సారు నివేదిక పంపు గుమాస్తా. కంట్రోలు యూనిట్ ఉత్తరువిచ్చు అధికారి. రిలే ఆ ఉత్తరువును అందజేయును, ఫ్యాను పనిచేయును. నివేదిక తప్పైనచో ఉత్తరువే వెలువడదు. అప్పుడు ఫ్యానును నిందించి ప్రయోజనము లేదు.

కారు నిలిచియున్నప్పుడే వేడెక్కి, వేగముగా పోవునప్పుడు చల్లబడినచో ఫ్యాను వ్యవస్థను శంకింపవలెను. ఏలన, వేగమున గాలియే ఫ్యాను పని చేయును. వేగములోను వేడెక్కినచో రేడియేటరు, థర్మోస్టాటు, నీటిపంపులను చూడవలెను.

మొదట, ఇంజను చల్లగా నున్నప్పుడు కూలెంటు మట్టము చూడవలెను. కూలెంటు తగ్గి సెన్సారు దానిలో మునిగియుండనిచో, ఇంజను కాగుచున్నను ముల్లు పైకి లేవకపోవచ్చును.

తరువాత ఎయిర్ కండిషనర్ వేయవలెను. ఒకే ఫ్యాను గల అనేక కార్లలో దానితోపాటు ఫ్యాను తిరుగును. తిరిగినచో మోటారు, ఫ్యూజు బాగుగా నున్నట్లే. అనుమానము సెన్సారు మీదికి పోవును. తిరుగనిచో ఫ్యూజు, రిలే, ఎర్తు తీగ వరుసగా చూచి, తుదకు మోటారుకు బ్యాటరీనుండి 12 వోల్టులు నేరుగా ఇచ్చి పరీక్షింపవలెను. అప్పటికిని తిరుగనిచో దోషము మోటారుదే.

సెన్సారులోని పదార్థమునకు వేడి పెరిగినకొలది విద్యున్నిరోధము తగ్గును. అనేక సెన్సారులలో అది 20 డిగ్రీల వద్ద సుమారు 2,500 ఓములు. 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములు. చల్లగాను, వేడిగాను మల్టీమీటరుతో కొలిచి తయారీదారు పట్టికతో పోల్చిన నిజము తెలియును. ఇంజను నడుచుచుండగా సెన్సారు ప్లగ్గు తీసినచో, నివేదిక అందకపోవుటనే అపాయముగా నెంచి అనేక కార్లు ఫ్యానును త్రిప్పును. ఇదియు నొక పరీక్ష.

రెండు హెచ్చరికలు. కొన్ని కార్లలో ఇంజను ఆపిన పిదప కూడ ఫ్యాను హఠాత్తుగా తిరుగును. బ్యాటరీ తీగ తీయక రెక్కల చెంత చేయి పెట్టరాదు. రేడియేటరులోని కూలెంటు ఒత్తిడిలో నుండుటచే 100 డిగ్రీలు దాటినను మరుగదు. మూత విప్పినంతనే మరిగి ముఖముపైకి చిమ్మును. కావున ముల్లు లేచినప్పుడు కారును ప్రక్కకు తీసి, ఇంజను ఆపి, పూర్తిగా చల్లబడువరకు ఓపిక పట్టవలెను. అట్లే నడిపించినచో సిలిండరు హెడ్డు వంగి, చిన్న మరమ్మతుతో తీరునది పెద్ద ఖర్చగును.

విచారణ లేనిదే ఏ ఉద్యోగిని శిక్షింపరాదన్నది పరిపాలనలో ఎల్లరెఱిగిన న్యాయము. ఫ్యాను విషయమునను అదియే పాటింపదగినది.