తండా బడి లెక్క
(ఆచార్య జయశంకర్ స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)

 

కొత్తపల్లి జయశంకర్ గారిని మనం తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్తగా తలచుకుంటాం. ఇవాళ నేను ఆయనను చదువు చెప్పిన సారుగా తలచుకుంటున్నాను. 1934లో అక్కంపేటలో పుట్టి, ఉర్దూ మీడియంలో చదివి, 1991లో కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అయితే పిల్లవాడి మీద ఎంత బరువు పడుతుందో ఆ తరానికి ఒకరు చెప్పనక్కర్లేదు. నిజాం ఏలుబడిలో ఊళ్లో సొంతంగా బడి పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. అందుకే మనవాళ్లు గ్రంథాలయాలనే బడులు చేసుకున్నారు. 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఆ తెగువకు గుర్తు.

మారుమూల పిల్లవాడికి చదువు అందించడానికి మనం రెండు దారులు పట్టాం. ఒకటి, పిల్లవాణ్ని ఊరి నుంచి తీసుకుపోవడం. 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేల్‌లో మొదలైన గురుకులం ఆ దారి. రెండోది, బడినే పిల్లవాడి దగ్గరికి తీసుకుపోవడం. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించి, గోండీలోనే వాచకాలు రాయించారు. ఈ రెండో దారికి మనం గురుకులానికిచ్చినంత గౌరవం ఎన్నడూ ఇవ్వలేదు. నా బాధ అదే.

1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) వచ్చినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి విడత ఐదు జిల్లాలకే దక్కింది. వాటిలో వరంగల్, కరీంనగర్ ఉన్నాయి. అంటే ఇవాళ్టి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేలలో చాలా భాగానికి ఆ పథకం మొదటే చేరింది. బడి లేని తండాల్లో, గూడేల్లో ప్రత్యామ్నాయ పాఠశాలలు పెట్టారు. ఆ చోటనే పుట్టి పెరిగిన, కాస్త చదువుకున్న యువతీయువకులు పాఠం చెప్పారు.

అప్పటికే శాంతా సిన్హా గారు ఇలాంటి బడుల మీద ఒక గట్టి అభ్యంతరం లేవనెత్తి ఉన్నారు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి బాలకార్మికులను బడిలో చేర్చడానికి ఆమె నడిపిన ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని అందరికీ తెలిసిందే. ఆ పనికే 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే అన్నది ఆమె మాట. పగలంతా పని చేయించి, పొద్దుగూకాక రెండు గంటలు అక్షరాలు నేర్పితే అది పేదవాడికి నాసిరకం చదువు అన్నారు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. అయితే చిన్న బడి వేరు, నాసిరకం బడి వేరు. మదనపల్లె పక్కన రిషివ్యాలీ పాఠశాల వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన ఏకోపాధ్యాయ పాఠశాలలు ఈ తేడాను చూపించాయి. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని మెట్ల వరుసలో పెట్టారు. ఒకే గదిలో ఒక పిల్ల కూడికల కార్డు దగ్గర ఉంటే, పక్కనే ఇంకొకడు భాగహారం చేస్తుంటాడు. నెల రోజులు బడికి రాని పిల్ల తిరిగి వస్తే, ఆపిన కార్డు దగ్గరే అందుకుంటుంది. ‘నీ పాఠం అయిపోయింది’ అని ఆమెతో ఎవరూ అనరు. కొలంబియా పల్లెల్లో 1970ల నుంచి నడిచిన ‘ఎస్క్వేలా నువేవా’ బడులదీ ఇదే తీరు.

మహబూబాబాద్ జిల్లాకు ఈ కార్డుల పద్ధతి ఎంత అవసరమో చూడండి. జనాభాలో దాదాపు 38 శాతం గిరిజనులు. మిరపకాయలు ఏరే కాలం వస్తే తండాల్లో చాలా ఇండ్లకు తాళం పడుతుంది. తల్లితోపాటు పిల్ల వెళ్తుంది. హాజరుపట్టీలో ఆ పేరు ఎదురుగా వరుసగా గైర్హాజరు గుర్తులు పడతాయి. లంబాడీ ఇంటి నుంచి వచ్చిన పిల్లకు తెలుగే రెండో భాష. 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన బహుభాషా విద్యలో బంజారా, కోయ భాషలు కూడా ఉన్నాయి. దాన్ని నిలబెట్టుకోవాల్సింది. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. తల్లిదండ్రులు కోరుకున్నదే కనుక నేను తప్పుపట్టను. కానీ ఒకటో తరగతి పిల్ల ఇప్పుడు మూడు భాషలు మోస్తున్నది.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల ఉండాలనీ, అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలనీ చెప్పింది. ప్రత్యామ్నాయ పాఠశాలల్లాంటి తాత్కాలిక కేంద్రాలకు కాలం చెల్లింది. తండాకు హక్కుగా బడి దక్కింది, మంచిదే. తర్వాతే అసలు చిక్కు వచ్చింది: పిల్లలు తగ్గిపోతున్నారు.

ఎందుకు తగ్గుతున్నారు? ప్రైవేటు స్కూలు బస్సు తండా దాకా వస్తున్నది. కాన్పులూ తగ్గాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలే. మూడో కారణం గురించి ఎవరూ మాట్లాడరు. గురుకుల ప్రవేశ పరీక్ష ఐదో తరగతికి ఉంటుంది. తండా బడి సారు కష్టపడి నాలుగో తరగతి పిల్లలను తయారు చేస్తాడు, వాళ్లు సీటు కొట్టి వెళ్లిపోతారు. మరుసటి జూన్‌లో ఆ బడి నమోదు పడిపోయినట్టు కాగితం మీద కనిపిస్తుంది. సారు బాగా చెప్పినందుకు బడి మూతకు దగ్గరవుతుంది. ఇంతకంటే అన్యాయమైన లెక్క నాకు తెలియదు.

ఫలితాల శాతం కూడా అంతే. తరగతిలో ఐదుగురే ఉంటే ఒక్క పిల్ల పరీక్ష నాడు జ్వరంతో ఇంట్లో ఉండిపోయినా ఫలితం ఇరవై శాతం పడిపోతుంది. అరవై మంది ఉన్న బడి పక్కన పెట్టి ఆ అంకెను చదివితే సారుకూ న్యాయం జరగదు, పిల్లకూ జరగదు.

ఈ వేదిక మీద విద్యాశాఖ అధికారులు ఉన్నారు కనుక మూడు సంగతులు అడుగుతున్నాను. నమోదు పట్టికలో, బడి వదిలి గురుకులానికి వెళ్లిన పిల్లలకు వేరే గడి పెట్టండి. ఇరవై మంది లోపున్న బడుల ఫలితాలను ఒక్క ఏడాదితో కాక మూడేళ్లు కలిపి చూడండి. బడిలో ఎంతమంది ఉన్నారన్న అంకె పక్కనే, ఆ తండాలో బడి బయట ఎంతమంది ఉన్నారో కూడా రాయండి. రెండో అంకె సున్నా అయితే, పన్నెండు మందితో నడుస్తున్నా ఆ బడి తన పని పూర్తిగా చేస్తున్నట్టే. దాన్ని మూసే హక్కు ఎవరికీ లేదు.