క్యాసెట్లతో పెన్నుల స్టాండు – కట్టే ముందు ఒకసారి వినండి



షినాస్‌లో ఎండలు ముదిరాయంటే సముద్రం పక్కనే ఉన్నా పగటిపూట పిల్లల్ని బయటికి పంపలేం. అలాంటి సెలవు రోజుకి ఒక పని చెబుతాను. పాత ఆడియో క్యాసెట్లతో పెన్నుల స్టాండు. ఇక్కడ మంచం కింద పెట్టెలోనో, ఊళ్ళో అటక మీదో నాలుగు క్యాసెట్లు దొరక్కపోవు.

అయితే ముందు అవి ఏ క్యాసెట్లో చూసుకోవాలి. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ చిన్న డబ్బా మనకి పాటలే కాదు, ఉత్తరాలూ మోసింది. 1980లలో, 90లలో గల్ఫ్‌కి వచ్చినవాళ్ళు క్యాసెట్లో మాటలు నింపి, ఊరికి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. అటునుంచి అమ్మ మాటలు, చంటివాడి కేరింతలు, అప్పుల లెక్కలు అన్నీ టేపులోనే వచ్చేవి. ఫోనంటే నిమిషాలు లెక్కపెట్టుకునే రోజులవి!

లేబుల్ మీద సినిమా పేరుంది కదా అని నమ్మకండి. క్యాసెట్ వీపు అంచున రెండు చిన్న గుంటలుంటాయి. కంపెనీ పాటల క్యాసెట్లకి అవి తెరిచే ఉంటాయి, పాటలు చెరిగిపోకుండా. ఆ గుంటల మీద కాగితం ముక్కో, అంటుటేపో కనిపిస్తే, ఎవరో దానిమీద రికార్డు చేసి ఉండొచ్చు. పాటల మధ్యలో తాతయ్య గొంతు వినిపించినా ఆశ్చర్యం లేదు. కాబట్టి రెండు వైపులా చివరిదాకా వినండి. సీ-60 అయితే వైపుకి అరగంట, సీ-90 అయితే ముప్పావుగంట.

ప్లేయర్ హెడ్‌ని స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు క్యాసెట్ పెట్టండి. మాటలున్న క్యాసెట్ దొరికితే ప్లేయర్ నుంచి కంప్యూటర్‌కి వైరు కలిపి, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కాపీ చేసుకోండి. కాపీ అయినా అసలుది పారేయకండి. కారులో మాత్రం ఉంచకండి, మన ఎండకి ప్లాస్టిక్ వంగిపోతుంది.

ఇప్పుడు మిగిలిన పాటల క్యాసెట్లు నాలుగు తీసుకోండి. ఒక్కోటి సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 6.4 వెడల్పు ఉంటుంది. నిలువుగా నిలబెట్టి, ఒకదాని అంచు పక్కదాని లోపలి ముఖానికి ఆనేలా నాలుగు గోడలు పేర్చండి. మనం పెన్సిల్ పెట్టి టేపు తిప్పేవాళ్ళం చూడండి, ఆ కన్నాల్లోంచి పురికొస దూర్చి, మూల మీదుగా తిప్పి, పక్క క్యాసెట్ కన్నంలోంచి లోపలికి తెచ్చి ముడెయ్యండి. మూలకి పైనొకటి, కిందొకటి, మొత్తం ఎనిమిది ముడులు. అడుగుకి 12 సెంటీమీటర్ల చదరపు అట్ట తీసుకుని, నాలుగు మూలల్లో 2 సెంటీమీటర్ల చదరాలు కత్తిరించి, అంచులు పైకి మడిచి అతికిస్తే చిన్న తట్ట తయారవుతుంది. స్టాండుని అందులో కూర్చోబెట్టండి. జిగురు వాడలేదు కాబట్టి ఎప్పుడైనా ముడి విప్పి పాట వినొచ్చు.

పాడైపోయిన క్యాసెట్లో టేపు సంగతి. సీ-60లో దాదాపు 90 మీటర్లుంటుంది. అమెరికాలో అలిస్ సాంటోరో అనే కళాకారిణి టేపునీ నూలునీ కలిపి బట్టే నేయించారు. మనం క్రోషే సూదితో చిన్న సంచీ అల్లుకోవచ్చు. అల్లాక చేతులు కడుక్కోండి, టేపుకి ఇస్త్రీ పెట్టెగానీ నిప్పుగానీ తగలనీయకండి. మన పల్లెల్లో పిట్టల్ని తోలడానికి చేలో టేపు కట్టేవారు. ఇక్కడ అలా కట్టకండి. గాలికి తెగి, తీరంలోని మడచెట్లకీ పక్షుల కాళ్ళకీ చుట్టుకుంటుంది.

చివరగా ఒక విన్నపం. మాటలున్న క్యాసెట్ దొరికితే ఊళ్ళో పెద్దవాళ్ళకి ఫోన్‌లోనే వినిపించండి. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది కాగితం మీద రాసి క్యాసెట్‌తో పెట్టండి. టేపు ఇంకొన్నేళ్ళు ఉంటుందేమో గానీ, ఆ గొంతుని గుర్తుపట్టి "ఇది మా అక్క" అని చెప్పేవాళ్ళు అన్నాళ్ళూ ఉండరు కదా.