కుంగిన అంబాసిడరును సరిచేయుట
(సంఘ వారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను యంత్రవిద్య నేర్చినవాడను కాను. పదవ తరగతితో చదువు ముగించి, మా తండ్రిగారి వేరుశనగ వ్యాపారమును అందుకొన్నవాడను. అయినను మన పావగడ తాలూకాలో తరతరములుగ స్థిరపడిన తెలుగు కుటుంబములు కొన్నింటి ముంగిట పాత అంబాసిడరు కార్లు నేటికిని నిలిచియున్నవి. పెద్దలు వాడిన బండి యను మమకారముచే మనము వానిని అమ్ముకొనలేకున్నాము. అట్టి బండి వెనుకభాగము కుంగినపుడు ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో నా అనుభవమును విన్నవించెదను.

ఈ కారును హిందూస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ వంగదేశమందలి ఉత్తరపారాలో, ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి నిర్మించిరి. 1950 దశకము చివర మొదలైన ఆ నిర్మాణము 2014లో నిలిచిపోయినది. దీని వెనుక ఇరుసునకు ఇరుప్రక్కల కమాను కట్టలు ఆధారము. కమాను అనగా పారసీక భాషలో విల్లు. వంపుగల ఉక్కు పట్టీలు ఒకదానిపై నొకటి చేరి, బరువునకు వంగి, మరల లేచుచుండును. ఏండ్ల తరబడి మోసిన బరువుచే ఆ వంపు తరిగిపోవును. అంతట బండి తోక కుంగును.

కొన్ని సంవత్సరముల క్రిందట, విత్తనముల కాలమున, డిక్కీనిండ వేరుశనగ మూటలు వేసికొని మడకశిర నుండి రాత్రివేళ వచ్చుచుంటిని. తోక కుంగి ముక్కు లేచియుండుటచే దీపముల వెలుగు ఎదుట వచ్చు సైకిలు రైతు కన్నులలో పడెను. దారి కానక ఆయన ప్రక్క గుంతలో పడిపోయెను. పరుగున పోయి లేవనెత్తితిని. దైవకృపచే మోకాలు మాత్రము చీరుకొనెను. "ఏం స్వామీ, మీ బండి దీపాలు ఆకాశానికి చూస్తా ఉండాయే, నేల మీద మేము కనపడమా?" అని ఆయన అడిగిన మాటకు నా వద్ద జవాబు లేకపోయెను.

మరునాడే ఒక షెడ్డునకు పోతిని. అచ్చట కమాను చివర వ్రేలాడు శాకిళ్ళను తీసి పొడుగువి బిగించి, గంటలో తోకను లేపి పంపిరి. చూచుటకు ఠీవిగనే యుండెను. అమెరికాలో 1964లో వచ్చిన ఫోర్డు ముస్టాంగు వంటి బలమైన ఇంజను కార్లకును వెనుక కమాను పట్టీలే. అచ్చటి యువకులును ఒకప్పుడు ఇట్లే పొడుగు శాకిళ్ళతో తోక ఎత్తుట వేడుకగ నెంచిరి. కాని ముక్కు క్రిందికి వంగినచో ముందు చక్రముల వాలు మారిపోవును. నా బండి స్టీరింగు మలుపు తిరిగిన పిదప తనంతట తాను నేరుగా రాకపోయెను. వేగమున బండి అటునిటు తూలసాగెను.

తుదకు హిందూపురమున ఒక వృద్ధ మేస్త్రి వద్దకు పోతిని. ఆయన పానా ముట్టకమునుపే టేపు తీసెను. బండిని సమతలమున ఖాళీగ నిలిపి, టైర్లలో గాలి సరిచూచి, చక్రము నడిమి నుండి మడ్గార్డు అంచువరకు ఇరుప్రక్కల కొలిచెను. ఎడమ ప్రక్క అంగుళము తక్కువ! రెండు ప్రక్కలు సమముగ తగ్గిన అది వయసుచే కలిగిన అలసట. ఒక ప్రక్కయే తగ్గిన లోపల ఏదో దోషము కలదని చెప్పెను. మట్టి గోకిచూడగా ఎడమ కట్టలో రెండవ పట్టీ విరిగియుండెను. పొడుగు శాకిలు ఆ విరుగుడును నా కంటికి కనబడనీయలేదు. పెద్దపట్టీయు విరిగియుండినచో ఇరుసే ప్రక్కకు జరిగియుండెడిది. ఆ బండిలో నా బిడ్డలు బడికి పోవుచుండిరి.

ఆయన చెప్పిన నియమములు ఇవి. షాక్ అబ్జార్బరు ఊపును అణచునే కాని బరువును మోయదు. కనుక దానిని మార్చినంత మాత్రమున ఎత్తు రాదు. కమాను కట్టలను ఒక ప్రక్క మాత్రమే కాక జంటగ సరిచేయవలెను. పాతపట్టీని కొలిమిలో కాల్చి వంచి ఊరక చల్లార్చినచో అది త్వరలోనే మరల చదునగును. కాల్చినచో తిరిగి పదును పెట్టక తప్పదు. శాకిలు, బుష్షులు అరిగినచో క్రొత్తవి వేయవలెను. చక్రములు నేలనాని బండి బరువు కమానుపై పడిన పిదపనే ఆ బోల్టులను తుదిగా బిగించవలెను. లేనిచో రబ్బరు బుష్షు మెలిపడి చిరుగును. కొన్నివందల కిలోమీటర్లు నడిచిన పిమ్మట యూ బోల్టులను మరల బిగించవలెను. తుదకు దీపముల చూపును సరిచేయవలెను.

జాకీపై మాత్రమే నిలిచిన బండి క్రింద ఎవరును దూరరాదని యువకులకు ప్రత్యేకముగ మనవి చేయుచున్నాను.

తోకను ఎత్తుటకు ఒక గంట చాలును. అది ఎందుకు కుంగినదో తెలిసికొనుటకు కొంత ఓపిక వలయును. ఆ ఓపిక మన బిడ్డలను, ఎదుటివాని ప్రాణమును కూడ కాపాడును. వచ్చు ఆదివారము పాతబండ్లు గలవారు సంఘపు ఆవరణకు వచ్చినచో ఇరుప్రక్కల కొలతలు వ్రాసి ఇచ్చెదము. టేపు నేను తెచ్చెదను.