మన జట్టు మీద మాట పడితే

 

అమెరికాలో పూర్వ విద్యార్థులు తాము చదువుకున్న చోటుకు ఏమేం చేస్తారో చెప్పమని కమిటీవాళ్ళు నన్ను అడిగారు. విరాళాల గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. నేను వేరే సంగతి చెబుతాను. చదువుకున్న చోటు మీద ప్రాణం పెట్టుకున్నవాడు, ఆ చోటు తప్పు చేసిందని ఎవరైనా అంటే ఏం చేస్తాడు? దగ్గర్నుంచి చూశాను. చూడడమేమిటి, చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నేను ఎమ్మెస్ చేసింది మిషిగన్ విశ్వవిద్యాలయంలో. ఊరు ఆన్ ఆర్బర్. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నేది కాదు, కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. ఆడేది కాలేజీ పిల్లలే, కాని స్టేడియంలో 1,07,601 మంది పడతారు. ఆట ఉన్న శనివారం ఊళ్ళో పెళ్ళిళ్ళు కూడా పెట్టుకోరంటే నమ్మండి. 1997లో మా జట్టు ఒక్క ఆట కూడా ఓడకుండా దేశంలో మొదటి స్థానానికి వచ్చింది. రెండు రకాల ర్యాంకింగులుండేవి లెండి, రెండోదాంట్లో నెబ్రాస్కా మొదటిది. ఆ సంగతి మేము ఎవరికీ చెప్పం. అప్పుడు నేను అక్కడ విద్యార్థిని. ఆ రాత్రి చలిలో ముక్కూ మొహం తెలియనివాళ్ళను కావలించుకుని అరిచాను. దేశం కాని దేశంలో ‘మేము’ అనే మాట మొదటిసారి నా నోట వచ్చింది ఆ రోజే.

పక్క రాష్ట్రంలో కొలంబస్‌లో ఒహాయో స్టేట్ ఉంది. వాళ్ళకూ మాకూ వందేళ్ళ వైరం. మా తోడల్లుడు అక్కడ చదివాడు. వయసులో నాకంటే పెద్ద, నన్ను తమ్ముడూ అంటాడు. థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి శనివారం ఈ రెండు జట్ల ఆట. పండక్కి రెండు కుటుంబాలం ఒక చోట చేరి, ఆ రోజు మటుకు టీవీ ముందు ఎడమొహం పెడమొహంగా కూర్చుంటాం.

2010 చివర్లో ఒహాయో జట్టు మీద ఆరోపణ వచ్చింది. ఆటగాళ్ళు తమకొచ్చిన ఉంగరాలు, జెర్సీలు అమ్ముకుని డబ్బు, పచ్చబొట్లు తీసుకున్నారని. అది నిబంధనలకు విరుద్ధం. అంతకంటే పెద్ద తప్పు, కోచ్ జిమ్ ట్రెసెల్ ఆ సంగతి ముందే తెలిసీ దాచాడు. 2011 మేలో రాజీనామా చేశాడు. ఆ ఏడు పండక్కి నేను చేసిన పని చెప్పాలి. పిల్లలు చేతికి అంటించుకునే స్టిక్కర్ పచ్చబొట్లు ఒక పాకెట్టు కొనుక్కెళ్ళి, అన్నయ్యగారి పళ్ళెం పక్కన పెట్టాను. “అందరూ చేసేదే, పట్టుబడింది మేం” అన్నాడాయన. “దొంగ మాటలంటే ఇవే” అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

తర్వాత మా రోజులు బాగాలేవు. 2012 నుంచి 2019 వరకు ఒహాయో చేతిలో వరసగా ఎనిమిదిసార్లు ఓడిపోయాం. 2021లో గెలిచాం. 2022లో మళ్ళీ గెలిచాం. కోచ్ జిమ్ హార్బా మా దగ్గరే చదివి, మా జట్టుకే ఆడినవాడు. ఇక చెప్పేదేముంది, నెత్తిన పెట్టుకున్నాం.

2023 అక్టోబరులో మా వంతు వచ్చింది.

సంగతి ఏమిటంటే, అప్పట్లో కాలేజీ ఆటలో కోచ్ మాట ఆటగాడికి వినిపించే ఏర్పాటు హెల్మెట్లో ఉండేది కాదు. 2024లో వచ్చింది. అందుకని మైదానం గట్టు మీద నిలబడి చేతి సైగలతో, బొమ్మలున్న అట్టలతో చెప్పేవారు. ఆట జరుగుతుండగా ఎదుటివాళ్ళ సైగలు కనిపెడితే తప్పు లేదు. టీవీలో చూసి అర్థం చేసుకున్నా తప్పు లేదు. మనిషిని పంపి, ముందు ముందు మనతో ఆడబోయే జట్టు ఆటను కళ్ళారా చూసి రమ్మనడం మాత్రం 1994 నుంచి నిషేధం. పాత ప్రశ్నపత్రాలు చదివి ఊహించడం వేరు, పేపరు తయారుచేసే గదికి మనిషిని పంపడం వేరు కదా. అలాంటిదే.

మా దగ్గర కానర్ స్టాలియన్స్ అని ఒక చిన్న ఉద్యోగి ఉండేవాడు. చిన్నప్పటి నుంచీ మా జట్టు పిచ్చివాడు, నావికాదళ అకాడమీలో చదివి మెరైన్స్‌లో పనిచేసి వచ్చాడు. అతను ఇతర జట్ల ఆటలకు తన పేరు మీదే టిక్కెట్లు కొని, తెలిసినవాళ్ళను పంపి, గట్టు మీది సైగలను ఫోన్లతో వీడియో తీయించాడు. ఆ వీడియోలకు వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న పేరు ‘మురికి ఫిల్ము’. తప్పని తెలియకపోతే ఆ పేరు పెట్టుకుంటారా? ఇది తర్వాత బయటికొచ్చింది లెండి.

వార్త వచ్చిన రోజు సాయంత్రానికే మా పూర్వ విద్యార్థుల నోళ్ళలో జవాబులు సిద్ధం. అందరూ చేసేదే. ఎవడో చిన్న ఉద్యోగి చేస్తే కోచ్‌కేం తెలుసు? ఎన్‌సీఏఏ, అంటే కాలేజీ క్రీడల సంఘం, మనమీద పగబట్టింది. ఇదంతా ఒహాయోవాళ్ళు డిటెక్టివును పెట్టి తవ్వించారు. సైగలు తెలిస్తే గెలుస్తారా, పరిగెత్తే కాళ్ళుండొద్దా? ఇందులో ప్రతిదాంట్లో ఎంతో కొంత నిజం లేకపోలేదు. చిక్కంతా అదే. పచ్చి అబద్ధమైతే నోట్లోంచి రావడానికి కాస్త సిగ్గేసేది. సగం నిజం కాబట్టి గుండెల మీద చెయ్యి వేసుకుని మాట్లాడాం. ‘జరిగిందా లేదా’ అనే ప్రశ్న మా పదిహేను మంది స్నేహితుల్లో ఒక్కడూ వేయలేదు. నేనూ వేయలేదు.

నవంబరు 10న జట్టు విమానంలో పెన్ స్టేట్‌కు వెళ్తుండగా బిగ్ టెన్, అంటే మా విశ్వవిద్యాలయాల కూటమి, హార్బాను మూడు ఆటలకు సస్పెండ్ చేసింది. మర్నాడు కోచ్ లేకుండానే 24–15 తేడాతో గెలిచాం. ఆయన బదులు జట్టును నడిపిన షెరోన్ మూర్ టీవీ ముందు వలవలా ఏడ్చాడు. మా ఇంట్లో నేనూ కళ్ళు తుడుచుకున్నాను. ‘మిషిగన్ ఒకవైపు, లోకమంతా ఒకవైపు’ అని అర్థం వచ్చే చొక్కాలు అమ్మారు. నేను రెండు కొన్నాను. ఆరోపణ వచ్చాక మా ప్రేమ తగ్గకపోగా రెట్టింపైంది.

ఆ నెల 25న ఒహాయోతో ఆట. అన్నయ్యగారు ఈసారి నా పళ్ళెం పక్కన బైనాక్యులర్లు పెడతారని ఎదురుచూశాను, జవాబు కూడా తయారు చేసుకున్నాను. ఆయన ఏమీ తేలేదు. మేము 30–24తో గెలిచాక, చేతులు కడుక్కుంటూ ఒక్క మాట అడిగారు.

“పైవాళ్ళెవరికీ తెలియదని నువ్వు నమ్ముతున్నావా తమ్ముడూ?”

“అందరూ చేసేదే కదా అన్నయ్యగారూ” అన్నాను.

“నేనడిగింది అది కాదు.”

ఆ తర్వాత ఆ జనవరిలో అలబామాను, వాషింగ్టన్‌ను ఓడించి, ఓటమి లేకుండా పదిహేను ఆటలూ గెలిచి జాతీయ విజేతలమయ్యాం. ఇరవై ఆరేళ్ళ తర్వాత. స్టాలియన్స్ నవంబరు మొదట్లోనే వెళ్ళిపోయాడు, అతను లేకుండానే గెలిచాంగా అన్నాం. హార్బా ఆ నెలలోనే ప్రొఫెషనల్ జట్టుకు వెళ్ళిపోయాడు.

తీర్పు 2025 ఆగస్టులో వచ్చింది. మూడు సీజన్ల పాటు జరిగిందని తేల్చారు. ఏ ఏడాదైతే ఒహాయో మీద గెలవడం మొదలుపెట్టామో, సరిగ్గా ఆ 2021 నుంచి. స్టాలియన్స్ తన ఫోన్ను చెరువులో పారేశాడట. టీవీలో ఏడ్చిన మూర్ అతనితో జరిపిన 52 మెసేజీలు చెరిపేశాడట, తర్వాత అవి దొరికాయి. హార్బా తనకు తెలియదనే అన్నాడు. దర్యాప్తుకు సహకరించలేదని ఆయనకు కాలేజీ ఆటలో పదేళ్ళ ఆంక్ష పెట్టారు. ఆయన ఆ ఆటలోనే లేడు. విశ్వవిద్యాలయానికి కోట్ల డాలర్ల జరిమానా. టైటిల్ మాత్రం పోలేదు. సీజన్ చివరి ఆటల మీద నిషేధం కూడా పెట్టలేదు, ఆ తప్పుతో సంబంధం లేని ఇప్పటి పిల్లలకు అన్యాయమవుతుందని. అది సబబే. 2012లో ఒహాయో పిల్లలు పన్నెండు ఆటలూ గెలిచి కూడా ముందువాళ్ళ తప్పుకు చివరి ఆటలు ఆడలేకపోయారు.

మావాళ్ళు పండగ చేసుకున్నారు, డబ్బే కదా అని. నేను ఆ రాత్రి అన్నయ్యగారికి ఫోన్ చేసి పచ్చబొట్ల సంగతికి క్షమించమన్నాను. “పద్నాలుగేళ్ళు పట్టిందేం” అన్నారు.

మా విశ్వవిద్యాలయమే ఒకప్పుడు వేరే పని చేసింది. బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకు ఒక అభిమాని డబ్బు ఇచ్చాడని తేలాక, 2002లో ఎవరూ దించమనకముందే 1992, 1993 సంవత్సరాల జెండాలను తనంతట తాను దించేసింది. అవి ఇప్పుడు క్యాంపస్‌లోని బెంట్లీ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. మళ్ళీ కట్టండని అభిమానులు ఇప్పటికీ గొడవ చేస్తూనే ఉంటారు. నేనూ చేశాను.

ఇదంతా ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మన బడికి కబడ్డీలో కప్పు వచ్చింది. ఇందాక ఆఫీసు గది బీరువాలో చూశాను, తోమి పెట్టారు. ఆ ఫైనల్లో మనకు గెలుపు తెచ్చిన అన్న అప్పటికి పదో తరగతి తప్పి, బడి మానేసి ఏడాది దాటింది. రిజిస్టరులో ఉన్న ఇంకో కుర్రాడి పేరుతో ఆడాడు. ఎదుటి బడి డ్రిల్లు మాస్టారు వచ్చి అడిగితే, మనమంతా ఓడిపోయి ఏడుస్తున్నారని గోల చేసి, వాళ్ళ బస్సు వెంట ఊరి చివరి దాకా పరిగెత్తాం. అందరికంటే పెద్దగా అరిచింది నేనే. రిజిస్టరులో ఉన్న ఆ కుర్రాణ్ణి నేనే కాబట్టి.

ఆ అన్న ఈ హాల్లోనే ఉన్నాడు. నిన్న అడిగితే “చెప్పెయ్యరా, ఇంకా ఎన్నాళ్ళు” అన్నాడు. నా పేరు మీద ఇచ్చిన సర్టిఫికెట్టు ఇదిగో, తెచ్చాను. నేను జన్మలో కబడ్డీ ఆడలేదు. దీన్ని ఆ కప్పు పక్కన పెడతారో, రెండింటినీ ఇంకెక్కడైనా పెడతారో కమిటీవాళ్ళు, మాస్టార్లు కూర్చుని తేల్చండి. సెలవు.