పాఠమే ఆటలో ఎత్తు కావాలి

పట్టా అందుకోబోతున్న విద్యార్థులారా, శని ఆదివారాలు తమవి కావని ఏనాడో ఒప్పేసుకున్న గురువులారా, నాలుగేళ్ళుగా పిల్లల్ని తెలుగు తరగతికి నిద్రలేపిన అమ్మానాన్నలారా, వెనక వరుసలో ఓపిగ్గా కూర్చున్న తాతయ్యలూ అమ్మమ్మలూ నాయనమ్మలూ!

స్నాతకోత్సవంలో పెద్దవాళ్ళు జీవితం గురించి మాట్లాడటం ఆనవాయితీ. నాకు చేతనైన పని అంతకంటే చిన్నది. ఆన్‌లైన్ పాఠాలకు చిన్న చిన్న ఆటలు కడతాను. అందుకని ఆటల గురించే మాట్లాడతాను. బల్ల కింద ఫోన్లో ఇప్పటికే ఆడుతున్నవాళ్ళు ఆపక్కర్లేదు, ఒక చెవి ఇటు పెడితే చాలు.

ఒట్టావా పక్కన ఆల్మాంట్ అని ఒక ఊరుంది. 1861లో అక్కడ పుట్టిన జేమ్స్ నైస్మిత్ మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే వ్యాయామం నేర్పి, తర్వాత అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ శిక్షణ పాఠశాలకు వెళ్ళాడు. 1891 చలికాలంలో ఆయనకొక మొండి తరగతిని అప్పజెప్పారు. పద్దెనిమిది మంది కుర్రాళ్ళు. బయట మంచు, లోపల ఇరుకు జిమ్ము. రోజూ అదే డ్రిల్లు చేయమంటే వాళ్ళు చేయరు. పద్నాలుగు రోజుల్లో ఏదైనా ఆట కనిపెట్టమన్నాడు పై అధికారి లూథర్ గ్యూలిక్.

నైస్మిత్ మొదట అందరం చేసే పనే చేశాడు. ఫుట్‌బాల్, లక్రాస్ లాంటి ఆరుబయటి ఆటల్ని నాలుగు గోడల మధ్యకు తెచ్చి చూశాడు. దెబ్బలు తగిలాయి తప్ప ఆట కుదరలేదు. అప్పుడు కూర్చుని ఆలోచించాడు. దెబ్బలెందుకు తగులుతున్నాయి? బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి పడగొట్టబోతే తగులుతున్నాయి. అయితే బంతితో పరిగెత్తకూడదని నియమం పెడదాం. గోలు నేలమీద ఉంటే బలం కొద్దీ విసురుతున్నారు. అయితే గోలును తలకంటే ఎత్తున, నోరు పైకి ఉండేలా పెడదాం. బలంగా కొడితే ఆ బంతి అందులో పడదు, వంపుగా, మెత్తగా వేయాలి. ఆల్మాంట్‌లో చిన్నప్పుడు ఆడిన రాళ్ళాట అక్కడ పనికొచ్చింది. బండమీద పెట్టిన రాయిని ఇంకో రాయితో కొట్టే ఆట అది. గట్టిగా విసిరితే మన రాయి దూరంగా పోతుంది, తెచ్చుకునేలోపు కాపలావాడికి పట్టుబడతాం. మెత్తగా వేసినవాడిదే గెలుపు.

చదరపు పెట్టెలు రెండు కావాలని నైస్మిత్ అడిగితే భవనం చూసుకునే మనిషి దగ్గర పీచ్ పళ్ళ బుట్టలున్నాయి. వాటినే బాల్కనీ అంచుకు దిగ్గొట్టారు. ఆ అంచు నేలకు పది అడుగుల ఎత్తున ఉండటం వల్ల ఈనాటికీ బాస్కెట్‌బాల్ రింగు పది అడుగుల ఎత్తునే ఉంటోంది. పదమూడు నియమాలు టైపు చేయించి గోడకు అంటించారు. మొదటి ఆటలో స్కోరు 1-0. మీలో ర్యాప్టర్స్ బాస్కెట్‌బాల్ జట్టు అభిమానులకు అది స్కోరులా కూడా అనిపించదు.

ఒక క్రీడ పుట్టుక కథగా దీన్ని అందరూ చెబుతారు. నాకు మాత్రం ఇది ఒక టీచరు తన తరగతి కోసం ఆట కట్టిన కథ. అతను బొమ్మలూ బహుమతులూ ముందు పెట్టుకోలేదు. పిల్లలు ఎక్కడ దెబ్బతింటున్నారో చూశాడు, అక్కడ ఒక నియమం పెట్టాడు.

నియమం మాట వచ్చింది కనుక ఒకటి చెబుతాను. మన వాటర్లూ విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ సూట్స్ అనే తత్వశాస్త్ర ఆచార్యుడుండేవాడు. ఆట అంటే ఏమిటో తేల్చడానికి 1978లో ‘ద గ్రాస్‌హాపర్’ అనే పుస్తకమే రాశాడు. ఆయన వాదన నా మాటల్లో చెబుతాను. గోల్ఫ్ బంతి గుంతలో పడటమే కావాలంటే నడిచి వెళ్ళి చేత్తో వేసి రావచ్చు. అలా వేయం, పొడవాటి కర్రతో దూరం నుంచి తంటాలు పడతాం. అక్కర్లేని అడ్డంకిని కోరి నెత్తిన పెట్టుకోవడమే ఆట. ఈ ముక్క మన అవధానులకు ఎప్పుడో తెలుసు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు రాబోయే అక్షరాన్ని పసిగట్టి వద్దంటాడు. అవధాని అప్పటికప్పుడు ఇంకో మాట వెతుక్కోవాలి. తప్పించుకోవాలంటే భాష రావాలి, వేరే దారి లేదు. అక్కడ ఆటలో వేసే ఎత్తూ, భాషా జ్ఞానమూ ఒకటే. నేను ఇవాళ చెప్పదలచుకున్నదీ అదే: మీరు కట్టే ఆటలో పాఠమే ఎత్తు కావాలి. పాఠం ఒక పక్కా, ఎత్తు ఒక పక్కా ఉంటే అది చక్కెర పూసిన మాత్ర, పిల్లలు చక్కెర నాకి మాత్ర ఉమ్మేస్తారు.

కంప్యూటర్ ఆటల్లో దీనికొక ఉదాహరణ ఉంది. 1980ల మొదట్లో థామస్ మలోన్ అనే అమెరికన్ పరిశోధకుడు, పిల్లలకు కంప్యూటర్ ఆటలు ఎందుకు నచ్చుతాయో పరిశీలించాడు. ఆయన తీసుకున్న వాటిలో ‘డార్ట్స్’ అనే భిన్నాల ఆట ఒకటి. నిలువుగా ఒక సంఖ్యారేఖ, దానికి అంటుకుని బుడగలు. బుడగ ఎక్కడుందో అంచనా వేసి భిన్నం టైపు చేస్తే బాణం అక్కడికి దూసుకుపోతుంది. తప్పు భిన్నం కొడితే బాణం రేఖమీద వేరే చోట గుచ్చుకుంటుంది. ఎంత పైకి పోయిందో, ఎంత కిందికి పోయిందో కళ్ళకు కనిపిస్తుంది. ‘తప్పు’ అని ఎర్ర ఇంటూ గుర్తు వేయక్కర్లేదు, బాణమే చెబుతుంది. మలోన్ ఆ ఆటలోంచి ఒక్కొక్క హంగూ తీసేసి పిల్లలతో ఆడించాడు. బాణాలూ బుడగలూ మగపిల్లలకు నచ్చాయి, ఆడపిల్లలకు అంతగా నచ్చలేదు. ముస్తాబు అందరికీ ఒకటే పనికిరాదన్నమాట.

ఇప్పుడు మన ఒంటారియోకి వద్దాం. వాటర్లూలోనే చదువుకున్న రోహన్ మహిమ్‌కర్, అలెక్స్ పీటర్స్ 2011లో ప్రాడిజీ అనే లెక్కల ఆట మొదలుపెట్టారు. మీలో చాలామంది ఆడే ఉంటారు. మీరు మాంత్రికులు, ఎదురుగా ఒక వింత జంతువు, మధ్యలో ఒక లెక్క. లెక్క సరిగ్గా చేస్తే మంత్రం పారుతుంది. లెక్కల పుస్తకం చూస్తే పారిపోయే పిల్లలు ఈ ఆటలో లెక్కలు చేశారంటే అది చిన్న సంగతి కాదు, ఆ మెప్పు వాళ్ళకు ఇవ్వాల్సిందే. కానీ ఆ లెక్క తీసేసి అక్కడ ‘పెరూ రాజధాని ఏది’ అని అడిగినా ఆట అలాగే నడుస్తుంది. లెక్కకూ మంత్రానికీ సంబంధం లేదు, లెక్క టోల్‌గేటు. డబ్బు కట్టి సభ్యులైన వాళ్ళకు వచ్చే హంగుల్ని ఉచితంగా ఆడే పిల్లల ముందు ఊరిస్తున్నారని 2021లో అమెరికాలో ఒక బాలల హక్కుల బృందం ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు కూడా ఇచ్చింది. పాఠం ఆట బయట ఉన్నప్పుడు లోపలి ఖాళీని నింపడానికి ఇలాంటి సరుకే వస్తుందని నా అభిప్రాయం.

బహుమతుల సంగతి ఇంకొకటి ఉంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన ధ్రువపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ళకు చూస్తే, తమంతట తాము ఆడుకునే వేళ ఆ పిల్లలు మిగతావాళ్ళకంటే తక్కువగా బొమ్మల జోలికి వెళ్ళారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో ఆ తగ్గుదల లేదు. ధ్రువపత్రాలు పంచే సభలో ఈ మాట ఎత్తడం సాహసమే. నిర్వాహకులు మన్నించాలి.

మరి ఆటను సులువుగా ఎలా కట్టాలి? క్యూబెక్‌లో దూరవిద్యకని పెట్టిన తెలూక్ విశ్వవిద్యాలయంలో లూయిజ్ సోవే, బ్రిటిష్ కొలంబియాలో సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కాఫ్‌మన్, ఇద్దరూ కలిసి 2003 నుంచి 2008 దాకా ఆటలతో చదువు మీద పెద్ద పరిశోధన నడిపారు. సోవే బృందం చేసిన పనిలో నాకు నచ్చినది ఖాళీ ఆటలు తయారుచేయడం. వైకుంఠపాళి, పచ్చీసు లాంటి అందరికీ తెలిసిన ఆటల చట్రాన్ని ఇంటర్నెట్‌లో పెట్టారు, ప్రశ్నలు టీచరు నింపుకోవాలి. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఆడేవాళ్ళకు నియమాలు ముందే తెలుసు కనుక బుర్ర అంతా పాఠం మీదే ఉంటుంది.

వైకుంఠపాళి, పచ్చీసు రెండూ మన ఇళ్ళలోంచి వెళ్ళినవే. 1890ల నాటికి ఇంగ్లండులో అమ్మకానికొచ్చి, సముద్రాలు దాటి, కెనడాలో విశ్వవిద్యాలయ పరిశోధన అయ్యాయి. కానీ మురిసిపోయే ముందు ఒకటి గమనించాలి. మన పటంలో పాముల తలల దగ్గర రాక్షసుల పేర్లుంటాయి, నిచ్చెనల అడుగున సుగుణాలుంటాయి. వాటివల్ల సుగుణవంతులైనవాళ్ళు ఎంతమందో మీ తాతయ్యల్నే అడగండి. పెద్దపాము నోట్లో పడ్డవాడు పామును తిట్టాడు, పక్కవాడు దొంగపందెం వేశాడని పోట్లాడాడు. పందెం చెప్పిన గడికి వెళ్ళడమే తప్ప ఆడేవాడు నిర్ణయించేది ఏమీ లేదు. అందుకే గడిలో ఏం రాసినా చదవడు. అదే చట్రంలో, సరైన ఒత్తు ఎంచుకుంటేనే నిచ్చెన దొరుకుతుందని మార్చండి, అప్పుడు చదువుతాడు.

మీకు తెలిసిన తిప్పలే తీసుకుందాం. ఇక్కడ పెరిగిన పిల్లలకు ల, ళ తేడా చెవికి అందదు. ‘మా అమ్మ కల్లు ఎర్రగా ఉన్నాయి’ అని రాసిన పిల్ల మీ తరగతిలోనూ ఉండే ఉంటుంది. ఎర్ర సిరాతో దిద్దితే ఆ పిల్ల మర్చిపోతుంది. దాన్నే ఆట చేయండి. తెరమీద అమ్మ ముఖం, కింద వాక్యం, ఒత్తక్షరం పెట్టాల్సిన చోట ఖాళీ. ళ్ళు పెడితే కళ్ళు. ల్లు పెడితే ముఖంలో కళ్ళకు బదులు రెండు కల్లు ముంతలు. ‘తాతయ్య గోడకు మేకు కొట్టాడు’లో కొమ్ము మర్చిపోతే గోడకు మేక వేలాడుతుంది. ‘కాఫీలో పాలు పోశాను’లో గుణింతం మారితే కప్పు నిండా పూలు. కావాలనే తప్పు నొక్కుతారు పిల్లలు. నొక్కనివ్వండి, ఏ గుర్తు ఏం చేస్తుందో అలాగే తెలుస్తుంది. డార్ట్స్‌లో బాణం చేసిన పనే ఇక్కడ మేక చేస్తుంది.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నాలుగు స్లైడ్లు, వాటిమధ్య లింకులు చాలు. బరువు తక్కువుంటేనే మంచిది కూడా. సెకనుకు 50 మెగాబిట్ల ఇంటర్నెట్ అందరికీ అందాల్సిన కనీస సేవ అని కెనడా టెలికాం నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ 2016 డిసెంబరులో ప్రకటించింది గాని, ఉత్తరాది ఊళ్ళలో ప్రతి ఇంటికీ ఆ వేగం అందడం అంత తేలిక కాదు. ఇండియాలో మన ఊళ్ళో నాన్న ఫోన్లో ఆడే మీ పిన్ని కూతురి డేటా కూడా లెక్కలోకి రావాలి. గడియారం పెట్టకండి, నిదానంగా చదివే పిల్ల గడియారాన్నే చూస్తుంది. తప్పొప్పుల్ని ఎరుపు, ఆకుపచ్చ రంగులతో మాత్రమే చెప్పకండి, ఆ రంగుల తేడా కనబడని పిల్లలుంటారు. హాలిఫాక్స్‌లో మధ్యాహ్నం ఒంటిగంటైనప్పుడు వాంకూవర్ పిల్ల ఇంకా పళ్ళు తోముకోలేదు, అందరూ ఒకేసారి ఆడితేనే నడిచే ఆట వద్దు.

కట్టాక ఒక చిన్నపిల్ల ముందు పెట్టి నోరు మూసుకు కూర్చోండి. ‘అది నొక్కమ్మా’ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పకూడదు. ఆ పిల్ల ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసుకోండి. ఈ పని మీరు చేసినంత బాగా మేం చేయలేం. మేం తెలుగును ఉగ్గుపాలతో నేర్చుకున్నాం, ఏది కష్టమో మాకు గుర్తులేదు. మీకు గుర్తుంది. ణ ఎప్పుడు, న ఎప్పుడు అని నాలుగేళ్ళ కింద మీరే ఏడ్చారు.

ఒంటారియోలో హైస్కూలు డిప్లొమాకు 40 గంటల సమాజ సేవ కావాలని మీ అందరికీ తెలుసు, ఎక్కడ చేయాలా అని అమ్మానాన్నలు వెతుకుతున్నారనీ తెలుసు. మీ స్కూల్ బోర్డు నియమాలు చూసుకోండి, ఒప్పుకుంటే ఆ గంటలు ఇక్కడ చేయండి. సెప్టెంబరులో మొదటి తరగతికి కొత్త పిల్లలు వస్తారు. ఈ వేసవిలో మీరు ఒక్కొక్కరు ఒక్క ఆట కట్టి మీ గురువుగారికి పంపండి. ఒక అక్షరం, ఒక ఒత్తు, ఐదు నిమిషాలు, అంతకంటే పెద్దది వద్దు. గురువులకు నా మనవి కూడా ఒకటే: వచ్చిన ఆటను సిలబస్‌లో లేదని పక్కన పెట్టకుండా ఒక్కసారి తరగతిలో ఆడించండి.